అక్క పటంలో చెల్లెలి కళ్ళు

మద్రాసు పెద్ద ఇళ్ళలో నా చేతులు ఇప్పటికీ గోడలకు వేలాడుతూ ఉంటాయి. ఒక జడ్జిగారి భార్య ఒళ్ళో పెట్టుకున్న చేతులు నావి. ఒక జమీందారిణి తమలపాకుల పళ్ళెం మీద ఆనించిన చేయి నాది. మైలాపూరులో ఒక డాక్టరమ్మ పటంలో పుస్తకం పట్టుకుని కూర్చుని ఉంటుంది. ఆ చేయీ నాదే, ఆ పుస్తకమూ నేను లైబ్రరీ నుంచి తెచ్చుకున్నదే. గడువు దాటకముందే తిరిగి ఇచ్చేశాను. మొహాలు మాత్రం వాళ్ళవి.

ఆ రోజుల్లో మనుషుల పటాలు వేయడంలో మద్రాసులో ఆయనను మించినవాడు లేడు. నేను ఆయనను మాస్టారు అనేదాన్ని. ఆయన చేత పటం వేయించుకోకపోతే పెద్దమనిషి అనిపించుకోవడం కష్టమన్నట్టు ఉండేది. ఆంధ్ర రాష్ట్రం వేరుపడి, తెలుగు పెద్దలు కొందరు ఊరు విడిచి వెళ్ళాక కూడా వాళ్ళ భార్యల పటాల కోసం కార్లు టి. నగర్లోని ఆయన ఇంటి ముందే ఆగేవి. ఆ అమ్మలు రెండు పూటలు, మహా అయితే మూడు పూటలు, మొహం కోసం కూర్చునేవారు. చీర మడతలు, నగలు, చేతులు వేయడానికి ఇరవై రోజులు పట్టేది. అన్ని రోజులు వాళ్ళెవరు కూర్చుంటారు? పట్టుచీర, నగల పెట్టె పంపేవారు. వాటిని కట్టుకుని, పెట్టుకుని, వాళ్ళ బదులు నేను కూర్చునేదాన్ని. నగలకు కాపలాగా వచ్చిన ఇంటి మనిషి వాకిట్లో కూర్చుని, నేనేదో వడ్డాణంతో కిటికీలోంచి దూకేస్తానన్నట్టు మెట్లవైపే చూస్తూ ఉండేవాడు.

ఆ పని నాకు మా అన్నయ్య వల్ల వచ్చింది. మాది చింతాద్రిపేట. అన్నయ్య మాస్టారి పటాలకు చట్రాలు కట్టేవాడు. నా భర్త యుద్ధానికి ముందు రంగూను వెళ్ళాడు. రెండేళ్ళు ఉత్తరాలు వచ్చాయి, తరువాత రాలేదు. పోయాడని కబురు తెచ్చినవాళ్ళు లేరు, ఉన్నాడని చెప్పినవాళ్ళూ లేరు. కాబట్టి బొట్టు అలాగే ఉండిపోయింది. బొట్టు ఉన్నందువల్లే పెద్దింటి చీరలు కట్టుకుని కూర్చునే పని నాకు దొరికింది.

నేను బడిలో చదివింది మూడో తరగతి. మిగిలినదంతా నేను సంపాదించుకున్న చదువు. చట్రాలకు చుట్టిన పాత పత్రికలతో మొదలుపెట్టి, వారపత్రికలు, నవలలు దాటి, పని లేని రోజు కూవం వంతెన మీదుగా నడిచి ఎగ్మూరు వైపున్న పెద్ద లైబ్రరీకి పోయేదాన్ని. ఆడవాళ్ళ బల్ల దగ్గర కిటికీ పక్క కుర్చీ నాదని అక్కడి గుమాస్తాలకు కూడా తెలుసు. పక్కన నిఘంటువు పెట్టుకుని ఇంగ్లీషులో ఒక లావుపాటి పుస్తకాన్ని మూడు నెలల్లో చదివాను. పూర్వం సీమదేశాలలో మనుషుల పటాలు వేసినవాళ్ళ గురించిన పుస్తకం అది. ప్రతి బొమ్మ మీద పల్చని కాగితం కప్పి ఉండేది. ఆ కాగితం ఎత్తి బొమ్మ చూసి, మళ్ళీ ముడత పడకుండా మూసేదాన్ని. చదివినది మాస్టారికి చెప్పకుండా ఉండలేకపోయేదాన్ని. ఆయన వింటూ నవ్వేవాడు. నన్ను పేరు పెట్టి పిలవడం మానేసి "లైబ్రరీ" అని పిలవడం మొదలుపెట్టాడు.

"ఏమ్మా లైబ్రరీ, ఈ పూట ఏమంటోంది పుస్తకం?"

అది ఎగతాళి అని తెలుసు. అయినా ఆ పేరు నాకు ఇష్టంగానే ఉండేది.

జార్జిటౌన్ వర్తకుల ఇళ్ళ నుంచి వేరే రకం పని వచ్చేది. పోయినవాళ్ళ పటాలు. ఎవరైనా పోతే కుర్చీలో కూర్చోబెట్టి, దవడ కింద గుడ్డ కట్టి, ఆ గుడ్డ కనబడకుండా పూలదండలు వేసి ఫోటో తీయించడం ఆ ఇళ్ళలో ఆనవాయితీ. ఆ ఫోటో మా దగ్గరకు వచ్చేది. దాన్ని చూసి మాస్టారు కళ్ళు తెరిపించి, పెదవులకు రంగు వేసి, మనిషిని నిలబెట్టేవాడు. పోయినవాళ్ళ చీరలు కట్టుకుని కూర్చోవడం మొదట్లో నాకు ఒళ్ళు జలదరించేది. కర్పూరం వాసన, దాని కింద ఇంకా పోని మనిషి వాసన. తరువాత అలవాటైంది. "చచ్చినవాళ్ళు కదలరు, మధ్యలో కాఫీ అడగరు, ముక్కు చిన్నది చేయమనరు" అని మాస్టారు అనేవాడు.

అలాంటి పని ఒకటి ఒక వానాకాలంలో వచ్చింది. మిరియాలు, పసుపు, వక్కల టోకు వ్యాపారం చేసే ఇల్లు. కోడలు పోయి రెండు నెలలైంది. రెండేళ్ళ కొడుకు. ఆమె భర్త సరుకు కోసం బొంబాయి వెళ్ళి ఉండగా జ్వరం వచ్చింది. తంతి అందుకుని అతను వచ్చేసరికి ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి ఫోటో కూడా తీసేశారు. పటం కావాలని పట్టుబట్టినది అతనే. అతని తల్లి వెంట వచ్చింది.

"ఆమె నన్ను చూస్తున్నట్టు ఉండాలండి," అన్నాడు అతను. "ఆఖర్న నేను చూడలేదు. ఒక్కసారి కండ్లు తెరిచి నన్ను చూస్తున్నట్టు ఉంటే చాలు."

చూడవచ్చిన ప్రతివాడినీ పటంలో కళ్ళు వెంబడించేటట్టు వేయడంలోనే మాస్టారికి పేరు. సరేనన్నాడు. కాని వాళ్ళు తెచ్చినవి రెండే ఫోటోలు. ఒకటి పోయాక తీసినది, కళ్ళు మూసి ఉన్నాయి. రెండోది పెళ్ళి ఫోటో. అందులో పెళ్ళికూతురు ఉండవలసిన పద్ధతిలోనే తల వంచుకుని ఉంది, రెప్పలు తప్ప ఏమీ కనబడవు. ఎనిమిదేళ్ళ కాపురంలో ఆమె కళ్ళను ఏ కెమెరా చూడలేదు.

ఆమె చీర కట్టుకుని నేను కూర్చున్నాను. మామిడిపండు రంగు కంచిపట్టు, ఎర్ర అంచు. ఆమె నాకంటే సన్నగా ఉండేదేమో, రవికె పట్టక వెనక పిన్నీసులు పెట్టుకున్నాను. చీర, నగలు బ్రహ్మాండంగా వచ్చాయి, చేతులు చాలావరకు అయ్యాయి. ముక్కు, నోరు, చుబుకం శవం ఫోటో నుంచి వచ్చాయి. కళ్ళ దగ్గర ఆగిపోయింది. మాస్టారు ఊహించి ఒకసారి వేశాడు. భర్త వచ్చి చూశాడు.

"ఇవి ఆమె కండ్లు కాదండి."

గీకేసి మళ్ళీ వేశాడు. అతను మళ్ళీ వచ్చాడు. ఈసారి ఎక్కువసేపు నిలబడ్డాడు. "ఇవి ఎవరివో," అని మాత్రం అని, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

మాస్టారి పటం ఒకటి వెనక్కి వచ్చిందన్న మాట అంతవరకు మద్రాసులో లేదు. ఆ రోజు ఆయన భోజనం చేయలేదు. కుంచెలు కడగడానికి కూడా లేవకుండా, ఆ కళ్ళులేని మొహం ఎదుట కూర్చుండిపోయాడు. అప్పుడు నేను నోరు తెరిచాను. లావు పుస్తకంలో చదివినది చెప్పాను. పూర్వం అక్కడి చిత్రకారులు చచ్చిపోయిన మనిషి పటం వేయవలసి వస్తే, తోడబుట్టినవాళ్ళను పిలిపించి, ఆ కళ్ళను చూసి వేసేవారట. ఎముకా కంటిగుంటా ఒకే తల్లి ఇచ్చినవి కాబట్టి పోలిక దొరుకుతుందట.

మాస్టారు నా వైపు తిరిగాడు. "తోడబుట్టినవాళ్ళు ఉన్నారా?"

"చెల్లెలు ఉందంట. పిల్లవాణ్ణి చూసుకోవడానికి ఆ ఇంట్లోనే ఉంటోందని ముసలమ్మ చెప్పింది."

"లైబ్రరీ, నీకు గుడి కట్టించాలి," అన్నాడు మాస్టారు. ఆయన నోట ఎగతాళి లేకుండా ఆ పేరు రావడం అదే మొదలు. ఆ రోజు కాలినడకన ఇంటికి పోతూ నేను ఎంత పొంగిపోయానో ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది.

చెల్లెలు వచ్చింది. పద్దెనిమిదేళ్ళు ఉంటాయి. వెంట ముసలమ్మ, అంటే అక్క అత్తగారు. మెట్లు ఎక్కలేక ముసలమ్మ కింద వరండాలో వాలుకుర్చీలో కూర్చుని నిద్రపోయేది. పైన కిటికీ వెలుగులో ఆ పిల్ల, కొంచెం దూరంలో వాళ్ళక్క చీరలో నేను. చేతుల దగ్గర ఇంకా కొంత పని మిగిలి ఉండడంతో మాస్టారు ఇద్దరినీ ఒకేసారి కూర్చోబెట్టాడు. మొదటి రోజు నన్ను చూసి ఆ పిల్ల గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆ చీర మీద ఆమె చూపు ఆగింది. తరువాత వచ్చి తన కుర్చీలో కూర్చుంది.

నా కుర్చీ కింద లైబ్రరీ పుస్తకం ఉండేది. రెండో రోజు మాస్టారు రంగు కలుపుతుంటే ఆమె అడిగింది.

"అది యాడ తెచ్చినావు అక్కా?"

"ఎగ్మూరు లైబ్రరీలో."

"ఆడోళ్ళను రానిస్తారా ఆడికి?"

"ఎందుకు రానివ్వరు? ఆడవాళ్ళకు వేరే బల్ల ఉంది. కిటికీ పక్క కుర్చీ నాది. నువ్వొస్తే ఇంకో కుర్చీ పట్టుకుంటాను."

నవ్వింది. నవ్వితే కళ్ళ చివరలు కిందికి వాలేవి. "కదలకమ్మా, పెళ్ళిచూపులు కాదు ఇది, నవ్వక్కర్లేదు," అన్నాడు మాస్టారు. ఆ మాటతో ఆమె నవ్వు ఆగిపోయింది.

తరువాత కొంచెం కొంచెంగా చెప్పింది. ఎస్.ఎస్.ఎల్.సి. ప్యాసయింది. ఆడపిల్లల కాలేజీకి దరఖాస్తు కాగితం తెప్పించుకుని ట్రంకుపెట్టె అడుగున దాచుకుంది. ఇంతలో అక్క పోయింది. పిల్లవాడు పరాయిదాని చేతిలో పడకూడదు కాబట్టి చెల్లెల్ని బావకే ఇస్తే బాగుంటుందని రెండు వైపులా పెద్దలకు ఉంది. ఆ ఇళ్ళలో అది కొత్త సంగతి కాదు. అడ్డుపడినవాడు బావ ఒక్కడే.

"పెండ్లి మాట ఎత్తితే ఇల్లు విడిచి పోతానన్నాడు మా బావ. 'ఆమె ఈడ తిరిగిన ఇంట్లో ఇంకొకరిని చూడలేను' అన్నాడు. మా నాయన ఏమన్నాడో తెలుసా? 'సరే, అతను వద్దంటే బలవంతం చేసేదానికి లేదు, జూన్లో దాన్ని కాలేజీలో చేర్చేద్దాం' అన్నాడు. బావ వద్దన్న మాట మీదే నేను బతుకుతా ఉండాను అక్కా."

"మంచివాడే కదా మీ బావ," అన్నాను.

"మంచోడే. బావగా మంచోడే." మెట్ల వైపు ఒకసారి చూసి, "అక్కకు ఆ ఇంట్లో ఊపిరి ఆడేది కాదు. అది ఎవరితోనూ చెప్పలేదు, నాతో చెప్పింది," అంది.

మూడో రోజు మాస్టారికి ఫోను వచ్చి కిందికి దిగాడు. పటం మా ఇద్దరి ఎదుటే ఉంది. ఎడమ కన్ను పూర్తయింది. నల్లగుడ్డు మీద తెల్లటి చుక్క ఇంకా పెట్టలేదు. ఆ చుక్క ఎప్పుడూ చిట్టచివర పెట్టేవాడు. ఆ పిల్ల కుర్చీలోంచి లేచి పటం దగ్గరికి పోయి చూసింది. అద్దంలో చూసుకున్నట్టు చూసింది. వచ్చి నా మోకాలి దగ్గర నేల మీద కూర్చుంది.

"అక్కా, ఒక సాయం చేస్తావా?"

"ఏమిటి?"

"ఈ కండ్లు పక్కకు తిప్పి వేయమని మాస్టారుతో చెప్పు. కిటికీ తట్టు చూసేటట్టో, ఒళ్ళోకి చూసేటట్టో. నేరుగా చూసేటట్టు వద్దు."

"మీ బావ అడిగిందే అది గదా, నేరుగా చూడాలని."

"అందుకే. ఇంతవరకు మా బావ నన్ను తలెత్తి చూడలేదు. అన్నం పెట్టినా కంచం తట్టే చూస్తాడు. ఈ పటంలో నా కండ్లు చూసినాక, ఇంక నన్ను చూడక ఏం చేస్తాడు?" గొంతు తగ్గించింది. "నేను చెప్తే మాస్టారు వినడు, అత్తమ్మతో చెప్పేస్తాడు. నువ్వు చెప్తే వింటాడు. నువ్వు చదువుకున్నదానివి. ఏదో పుస్తకంలో ఉందని చెప్పు."

"చెప్తాలే," అన్నాను.

ఆ మాట నేను మామూలుగా అనలేదు, ఆమె చేయి పట్టుకుని అన్నాను. మాస్టారు పైకి వచ్చాడు. కుంచె తీసుకున్నాడు. కుడి కన్ను మొదలుపెట్టాడు. చెప్పడానికి నాకు ఒక గంట వ్యవధి ఉంది. మరునాడు పూట కూడా ఉంది. చెప్పలేదు. మాస్టారు విసుక్కుంటాడని భయపడ్డానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు. ఆయన విసుగు నాకు అలవాటే. నిజం ఏమిటంటే, ఆ కళ్ళు ఎలా వస్తాయో చూడాలని ఉంది నాకు. పుస్తకంలో చదివినది, నిఘంటువు పక్కన పెట్టుకుని ఒక్కొక్క మాట పోగుచేసుకున్నది, నా ఎదుట నిజమవుతోంది. పక్కకు తిప్పితే ఆ కళ్ళు వెంబడించవు. వెంబడించకపోతే ఆ ఉపాయం సగమే పండినట్టు. నేను నోరు మూసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

నాలుగో రోజు పదకొండు గంటలప్పుడు మాస్టారు సన్న కుంచె మొనతో తెల్లరంగు తీసుకుని రెండు చుక్కలు పెట్టాడు. కుడి కంటికొకటి, ఎడమ కంటికొకటి. అంతే, పటంలోని ఆమె మమ్మల్ని చూసింది. నేను కిటికీ వైపు జరిగాను, అక్కడికీ చూపు వచ్చింది. తలుపు వైపు పోయాను, వచ్చింది. ఆ పిల్ల మాత్రం ఎటూ జరగలేదు. తన కుర్చీలోనే కూర్చుని నా వైపు చూసింది. పటంలోవీ, కుర్చీలోవీ, రెండు జతల కళ్ళూ నన్నే అడుగుతున్నాయి. నేను లేచి చీర మార్చుకోవడానికి లోపలికి పోయాను.

మరుసటి వారం భర్త వచ్చాడు. తల్లి కూడా పట్టుదలగా మెట్లెక్కి వచ్చింది. చెల్లెలు పిల్లవాణ్ణి ఎత్తుకుని గుమ్మం దగ్గర ఆగింది. మాస్టారు పటం మీద కప్పిన గుడ్డ తీశాడు.

అతను పటం ముందు నేల మీద కూలబడ్డాడు. మగవాడు అలా ఏడవడం నేను అంతకుముందు చూడలేదు. ముసలమ్మ కూడా ఏడుస్తూ, "వచ్చేసింది గదరా, నిన్నే చూస్తా ఉండాది గదరా," అంటూ కొడుకు వీపు రాసింది. అది చూసి పిల్లవాడు బెదిరి ఏడుపు లంకించుకున్నాడు. "ఊరుకో నాన్నా, ఏమీ లేదు, సుమ్మా, ఊరికే ఏడుస్తా ఉండారు," అని చెల్లెలు వాణ్ణి సముదాయించింది.

ఆ గొంతు విని అతను తల తిప్పాడు. ఆమెను చూశాడు. మళ్ళీ పటాన్ని చూశాడు. మళ్ళీ ఆమెను చూశాడు. ఆమె వెంటనే తల వంచేసుకుంది, పెళ్ళి ఫోటోలో వాళ్ళక్క వంచుకున్నట్టే. కాని అప్పటికే ఆలస్యమైంది. అతని చూపు నుంచి ఆమె తప్పించుకోవడానికి ఆ గదిలో చోటు లేదు. ముసలమ్మ ఏడుపు ఆపి, కొడుకు మొహం వైపు, పిల్ల వైపు మార్చి మార్చి చూసింది. ఆమెకు అర్థమైంది. నాకూ అర్థమైంది. మాస్టారికి అర్థం కాలేదు, ఆయన పటం ఎక్కడ తగిలించాలో, వెలుగు ఏ వైపు నుంచి పడాలో చెబుతూ ఉన్నాడు.

సంవత్సరీకం కూడా కాకముందే, ఏదో శాంతి జరిపించి, పసుపు రాసిన శుభలేఖ పంపారు. మాస్టారు దాన్ని అందరికీ చూపించాడు.

"చూశావా లైబ్రరీ, నా పటం పెళ్ళిళ్ళు కూడా కుదురుస్తోంది. ఆ బ్రాహ్మడికి ఇచ్చే సంభావనలో సగం నాకు రావాలి."

శుభలేఖలో పెళ్ళికూతురు పేరు పక్కన చదువు రాయలేదు.

తైలవర్ణపటం వేసిన ఏడాదికి, రంగులు లోపల కూడా ఆరిపోయాక, పైన వార్నిష్ పూయాలి. అది పూస్తేనే రంగు నిలుస్తుంది, పొగ, దుమ్ము లోపలికి దిగవు. పెద్ద పటాలను కదిలించలేరు కాబట్టి మాస్టారు ఇళ్ళకే వెళ్ళి ఆ పని చేసేవాడు. ముందుగా పటాన్ని దూదితో తుడిచి శుభ్రం చేయడం నా పని. ఆ ఇంటికి కూడా వెళ్ళాము. మిరియాల ఘాటుకు వాకిట్లోనే తుమ్ములు వచ్చాయి.

పటం హాలులో ఉయ్యాలబల్లకు ఎదురుగా ఉంది. పూలదండ వేసి, నుదుట కుంకుమ పెట్టారు. కళ్ళు లేవు. రెండు కళ్ళమీదా గంధం మెత్తి ఉంది, వేళ్ళతో అద్దినట్టు, మందంగా, ఎండి పగుళ్ళు బారి.

"మా చిన్న కోడలి భక్తి," అంది ముసలమ్మ. "పొద్దున లేస్తానే అక్కకు గంధం పెట్టనిదే కాఫీ తాగదు. నుదుట పెట్టవే అంటే వినదు, కండ్లకు చలవ అంటాది. నా కొడుకు ఎన్ని దినాలు తుడిచినాడో! తుడిచినా మళ్ళీ పెడతాది. వాడు కూడా విసిగి వదిలేసినాడు."

మాస్టారి మొహం నల్లబడింది. ఆయన వేసిన కళ్ళలోకెల్లా మంచి కళ్ళు అవే. "గంధం అలా ఉంచితే రంగు తినేస్తుందమ్మా," అని, నా చేతికి దూది, టర్పెంటైన్ సీసా ఇచ్చాడు. "జాగ్రత్తగా తియ్యి. నేను వార్నిష్ కలుపుకొస్తాను."

ముసలమ్మ ఆయనకు చోటు చూపించడానికి పెరటివైపు పోయింది. నేను స్టూలు ఎక్కాను. చెల్లెలు వంటింటి గుమ్మంలోంచి వచ్చి స్టూలు పక్కన నిలబడింది. లావైంది, ఆరో నెలో ఏడో నెలో ఉంటుంది. మెడలో వాళ్ళక్క నగలు. అవన్నీ నా మెడలో కూడా ఇరవై రోజులు ఉన్నవే.

"బాగుండావా అక్కా?" అంది.

"నువ్వు?"

ఆమె పటం వైపు చూస్తూ ఉంది. "చేతులు నీవి. కండ్లు నావి. చీర ఒక్కటే మా అక్కది," అంది. "దీనికి నేను దినమూ దండ వేస్తా ఉండాను. బతికుండే కండ్లకు దండ వేయొచ్చునా అక్కా? నీ పుస్తకాల్లో ఏమన్నా రాసిండారా?"

దూది నా చేతిలో తడిసి ఉంది. నేను స్టూలు మీదనుంచి కిందికి దిగకుండానే చెప్పాను. "నిన్ను పిలిపించమన్న ఆలోచన నాదే. మాస్టారిది కాదు."

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"మొదటి దినమే చెప్పినాడు మాస్టారు, అత్తమ్మతో. 'మా లైబ్రరీ చదివి చెప్పిన ఉపాయం ఇది' అని. నేను పక్కనే ఉండాను." నా వైపు మొదటిసారి తలెత్తి చూసింది. "నువ్వు చెప్తే ఆయన వింటాడని నాకు ఎట్టా తెలుసనుకున్నావు? అందుకే గదా నిన్ను అడిగినాను."

అంతదాకా, ఆమెకు తెలిసినప్పుడు నన్ను ఏమంటుందోనని ఏడాదిపాటు భయపడ్డాను. ఆమెకు అప్పుడే తెలుసు. తెలిసే నా మోకాలి దగ్గర కూర్చుంది. తెలిసే నన్ను అక్కా అని పిలిచింది.

"ఇప్పుడు దాన్ని తుడవద్దు," అంది. "ఒక్కటే అడుగుతా ఉండాను. అట్టే వదిలేయ్. గంధం మీదనే పూసేయమను. మా ఆయన ఉయ్యాల మీద కూర్చుని ఆ కండ్ల తట్టే చూస్తా మాట్లాడతాడు నాతో. నాతో మాట్లాడేటప్పుడు కూడా ఆడికే చూస్తాడు."

పెరట్లోంచి మాస్టారు కేక వేశాడు. "ఏమ్మా, అయిందా? వార్నిష్ చిక్కబడిపోతుంది!"

నేను తుడిచాను. మొదట ఎడమ కన్ను, తరువాత కుడి కన్ను. గంధం పెళ్ళలు పెళ్ళలుగా ఊడి ఆమె పాదాల దగ్గర పడింది. లోపల రంగు ఏమీ చెడలేదు. తెల్లచుక్కలు నిన్న పెట్టినట్టే ఉన్నాయి. తుడవకపోతే మాస్టారు తుడిచేవాడు, అది నిజమే. కాని తుడిచినది మాస్టారు కాదు. ఆమె వంగలేక వంగి, కింద పడిన గంధాన్ని చేత్తో ఎత్తి, చెంగులో వేసుకుని లోపలికి పోయింది.

మాస్టారు వచ్చి వార్నిష్ పూశాడు. "ఇంక ఏం పెట్టినా తడిగుడ్డతో తుడిస్తే పోతుందమ్మా, రంగుకు అంటదు," అని ముసలమ్మకు ధైర్యం చెప్పాడు. మాకు కాఫీ వచ్చింది. ఆమె తేలేదు, పనిమనిషి తెచ్చింది.

ఆ తరువాత నేను ఆ పని మానేశానని చదివేవాళ్ళు అనుకోవచ్చు. మానలేదు. ఇంకా నాలుగేళ్ళు కూర్చున్నాను. లైబ్రరీకి పోవడం కూడా మానలేదు. కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, పక్క కుర్చీలో ఎవరైనా చిన్నపిల్ల వచ్చి కూర్చుంటే తల ఎత్తకుండా చదువుకునేదాన్ని. ఆమెకు ఆడపిల్ల పుట్టిందని మా అన్నయ్య ఎక్కడో విని చెప్పాడు. కళ్ళు తల్లివేనట.

ఆఖరి సంవత్సరం ఒక దంపతులు వచ్చారు. పద్నాలుగేళ్ళ కూతురు పోయింది. తెచ్చిన ఫోటోలో కళ్ళు మూసి ఉన్నాయి. అన్న ఉన్నాడు, చెల్లెలు ఉంది, ఇద్దరూ వెంట వచ్చి వరసగా నిలబడ్డారు. మాస్టారికి అప్పటికి చేయి కొంచెం వణుకుతోంది. ఊహించి వేసినది కుదరలేదు. నేను ఆ పిల్ల పరికిణీ ఓణీ మోకాళ్ళ మీద కప్పుకుని, చేతుల కోసం కూర్చుని ఉన్నాను.

"ఏమ్మా లైబ్రరీ," అన్నాడు మాస్టారు, ఎన్నాళ్ళకో. "ఇలాంటి దానికి పుస్తకం ఏదో చెప్పిందన్నావే? చెప్పు వీళ్ళకు."

చెల్లెలు నా వైపు చూసింది. పన్నెండేళ్ళు ఉంటాయేమో. కళ్ళు అచ్చం ఫోటోలోని రెప్పల కిందికి సరిపోయేటట్టు ఉన్నాయి. నాకు మొదటి చూపులోనే తెలిసింది.

"పుస్తకంలో ఏమీ లేదండీ," అన్నాను.

మాస్టారు నన్ను చాలాసేపు చూశాడు. తరువాత ఊహతోనే ఆ కళ్ళు వేశాడు. బాగా రాలేదు. పటం తీసుకుపోవడానికి వచ్చిన రోజు ఆ తల్లి దాని ముందు నిలబడి, ఇది మా పిల్ల కాదని కూడా అనలేదు. ఆ మొహంలో కూతురి పోలిక కోసం వెతుకుతూ నిలబడింది. ఎలా దొరుకుతుందో నాకు తెలుసు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.